గట్టి హెడ్ అడిగిన అన్న

ఆ జగిత్యాలన్న పేరు నేనెప్పుడూ అడగలేదు. గల్ఫ్‌లోని అల్ సద్‌లో నేను పనిచేసే కెమెరా దుకాణానికి ట్రైపాడ్ కోసం మూడు శుక్రవారాలు వరసగా వచ్చాడు. కంపెనీలో వీడియోలు తీయడం అతని డ్యూటీ. ట్రైపాడ్ కాళ్ళు చూసేవాడే కాదు. పైన కెమెరాను తిప్పే ఫ్లూయిడ్ హెడ్ పిడి పట్టుకుని, మెల్లగా పక్కకి తిప్పి, పెదవి విరిచేవాడు.

"ఇంకా గట్టిగ తిరిగేది సూపియ్యి తమ్మీ."

పొద్దుటి నుంచీ నిలబడి నా కాళ్ళు పీకేస్తున్నాయి. "అందరూ తేలిగ్గా తిరిగేదే కొంటారన్నా," అని విసుక్కున్నాను.

మూడో వారం చాయ్ ఇచ్చాను. రెండు చేతులతో పట్టుకున్నా తొణికి చొక్కా మీద పడింది.

"ఎనిమిదేండ్లు సైట్ల కాంక్రీటు పగలగొట్టే మిషన్ పట్టిన. అప్పటిసంది చేతులు ఇట్లనే. కంపెనీల ఎవ్వలకు తెల్వది."

పై అరలోంచి అన్నిటికన్నా బిగువైన హెడ్ దించి, కెమెరా బిగించాను. తిప్పాడు. తెర మీద ఎదుటి దుకాణాలు నిదానంగా, అదురు లేకుండా జరిగిపోయాయి. పిడి మీద చెయ్యి మాత్రం వణుకుతూనే ఉంది.

"ఇంకో రెండేండ్లు నౌకరి ఎల్లుతది," అన్నాడు.