మొదటి అంకె

పోయినవన్నీ ముందు చెబుతాను. బాపట్లలో నాన్న కొన్న పెద్ద రేడియో ఒకటి. దాని వెనక నుంచి పెరట్లో సరుగుడు వాసం దాకా లాగిన రాగి తీగ, ఇరవై మీటర్లు. ఇత్తడి మోర్స్ కీ ఒకటి. దూరదేశాల స్టేషన్లూ తోటి హామ్‌లూ పంపిన కార్డులు నూట పద్నాలుగు. ఇల్లు మారినప్పుడు అట్టపెట్టె అడుగున తడిసి ఒకదానికొకటి అంటుకుపోయాయి. విడదీయబోతే బొమ్మ ఒకవైపు, రాత ఒకవైపు వచ్చాయి. లైసెన్సు గడువు దాటిపోయింది, దాంతోపాటు గాల్లో నా పేరుగా చెప్పుకునే కాల్‌సైన్ కూడా. కుడి చెవిలో సన్నటి శబ్దాలు పోయాయి. చిన్నప్పుడు రోజూ వినే షార్ట్‌వేవ్ స్టేషన్లలో ఎన్ని పోయాయో మాత్రం చెప్పలేను. కొన్ని నిజంగా మూతపడ్డాయా, నాకే వినబడటం లేదా అన్నది తేల్చుకోలేకపోయాను. తేలనిదాన్ని నేను మొత్తంలో కలపను.

నేను తెనాలిలో బియ్యం మిల్లుల లెక్కలు రాస్తాను. పదో తరగతి తర్వాత లెక్కలు నాకెవరూ చెప్పలేదు. చూసీ అడిగీ నేర్చుకున్నవే. రేడియో మాత్రం ఒకాయన దగ్గర నేర్చుకున్నాను. ఆయన బాపట్లలో మా పక్క వీధిలో ఉండేవారు, తంతి ఆఫీసులో ఉద్యోగం. చుట్టం కాదు గాని వీధిలో అందరం బాబాయి అనేవాళ్లం. లైసెన్సు తీసుకుని సొంత సెట్టుతో గాల్లో మాట్లాడుకునేవాళ్లని హామ్‌లంటారని, మాటలకి బదులు చుక్కలూ గీతలూ కొట్టి కూడా మాట్లాడుకోవచ్చని నాకు చెప్పింది ఆయనే. ఆదివారాలు సూర్యలంక తీసుకెళ్లేవారు. చేపలవాళ్ల దగ్గర నైలాను తాడు అడిగి, సరుగుడు చెట్ల మధ్య తీగ కట్టి, స్కూటర్ బ్యాటరీ మీద సెట్టు పెట్టేవారు.

అవతలి మనిషి ఎలా వినబడుతున్నాడో మోర్స్‌లో మూడంకెల్లో చెప్పుకుంటాం. మొదటిది, కొట్టింది ఎంతవరకు అర్థమవుతోందో, ఒకటి నుంచి ఐదు దాకా. రెండోది ఎంత గట్టిగా ఉందో, మూడోది ధ్వని ఎంత శుభ్రంగా ఉందో, తొమ్మిది దాకా. కాగితం మీద అంతే. వాడుకలో మాత్రం అందరూ అందరికీ ఐదు తొమ్మిది తొమ్మిది అనే కొడతారు. కొట్టేసి, వెంటనే మీ పేరేంటి, మళ్ళీ చెప్పండి అని అడుగుతారు. పెళ్లివాళ్లు భోజనం ఎలా ఉందండీ అంటే బావుందండి అనడం లాంటిది. బాబాయికి అది గిట్టేది కాదు.

"బావుందనడానికి ఇంత తీగెందుకురా, తలూపితే సరిపోయేదిగా" అనేవారు.

తర్వాత ఆయనకి రేపల్లె బదిలీ అయింది. నేను తెనాలి వచ్చాను. పెళ్లి, అద్దె ఇళ్లు, మిల్లులు. ఇరవై ఏళ్లకి పైగా సెట్టు ముట్టుకోలేదు.

రెండేళ్ల కింద మిల్లు పని మీద పాసింజర్‌లో రేపల్లె వెళ్లాను. ఒక వీధిలో నడుస్తుంటే తలెత్తి చూడాల్సి వచ్చింది. ఒక డాబా నీళ్ల ట్యాంకు నుంచి కొబ్బరిచెట్టుకి తీగ కట్టి ఉంది. మధ్యలోంచి కిందికి ఇంకో తీగ దిగింది. బట్టలారేసే తీగ కాదు. అక్కడే నిలబడిపోయాను.

"ఎంతొచ్చింది?" అని వరండాలోంచి గొంతు. బాబాయి.

"ఇరవై మీటర్లకి కాస్త తక్కువండి."

"మట్ట పడి తెగితే ముడేశాను. ఆ తక్కువ అదే. లోపలికి రా. రోడ్డు మీద నిలబడి తీగ కొలిచేవాడు నువ్వు కాక ఇంకెవడుంటాడు."

పిన్ని కాఫీ తెచ్చింది. నాకు గ్లాసు నిండా పోసి, ఆయనకి సగమే పోసింది. ఎందుకో ఆయన గ్లాసు ఎత్తాక తెలిసింది. కుడి చెయ్యి వణుకుతోంది.

"ఆర్నెల్లుగా పిలుస్తున్నా. ఒక్కడూ పలకట్లేదు" అన్నారు. "సెట్టు బానే ఉంది. చెయ్యే. ఒక చుక్క కొడితే రెండు పడుతున్నాయి."

"మైకుందిగా, దాంట్లో మాట్లాడమంటే వినరు" అంది పిన్ని.

"మైకులో మాట్లాడే మాటయితే నీతోనే మాట్లాడొచ్చుగా."

"మాట్లాడితేగా."

ఆయన నవ్వి, నా వైపు తిరిగారు. "నువ్వు మళ్ళీ లైసెన్సు తెచ్చుకో. తెనాలి నుంచి విను. మొదటి అంకె ఎంతో చెప్పు. మూడొస్తే కొడుతూనే ఉంటా. రెండంటే కీ తీసి బీరువాలో పెట్టేస్తా. నా వణుకు తెచ్చి గాల్లో పోయడం నాకిష్టం లేదు."

"నేనెందుకండి, చాలామంది ఉంటారుగా."

"వాళ్లంతా ఐదంటారు. నువ్వు లెక్క తప్పవు."

పరీక్షకి చదివాను. మిల్లులో తవుడు లెక్కలు రాస్తూ వేళ్లతో బల్ల మీద చుక్కలు కొట్టేవాణ్ణి. పాసయి, లైసెన్సు చేతికొచ్చేసరికి చాలా నెలలు పట్టింది. సెట్టు పాతది కొన్నాను. తీగ మాత్రం నా చేత్తోనే కోశాను. పౌనఃపున్యం బట్టి పొడవు లెక్క వేసి, ఒక్కో వైపు పది మీటర్ల ఏడు సెంటీమీటర్లు, టేపు రెండుసార్లు పట్టి మరీ కోశాను. డాబా ఎక్కి కడితే రెండు వైపులా జానెడు జానెడు తక్కువొచ్చింది. బాబాయికి ఫోన్ చేశాను.

"లెక్క కరెక్టే. ముడికి తీగ ఎవరిస్తారు?" అన్నారు.

మళ్ళీ కొత్త తీగ కొని, ముడికి కలుపుకుని కట్టాను. పై వాటా ఆవిడ చూసి, దాని మీద తువ్వాళ్లు ఆరేసుకోవచ్చా అన్నయ్యగారూ అని అడిగింది. ఆదివారాలు వద్దండి అన్నాను.

మొదటి ఆదివారం పొద్దున సెట్టు పెడితే ఒకటే రొద. ఇళ్లల్లో ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టర్లు. మా ఇంటి మెయిన్ ఆపేసి బ్యాటరీ మీద విన్నాను.

"ఫ్యాను ఆపుకుని మరీ వినేదేముందండి అందులో?" అంది మా ఆవిడ, విసనకర్ర వెతుక్కుంటూ.

అప్పుడే వచ్చారు. నా కాల్‌సైన్ రెండుసార్లు, ఆయనది ఒకసారి. తర్వాత తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో. ఆయన చేతి వణుకేంటో అప్పుడు తెలిసింది. ఇంగ్లీషు ‘ఇ’ అంటే ఒక చుక్క, ఆయన చేతిలో రెండై ఐ అవుతోంది. ఐ మూడై ఎస్ అవుతోంది. ఎస్ నాలుగై హెచ్ అవుతోంది. టిఫిన్ అయిందా అన్నారు. తీగకి ముడి గట్టిగా వేశావా అన్నారు. పిన్ని అడిగిందన్నారు. మొత్తం ఇరవై మాటలు. చెవితో చదివినవి తొమ్మిది. బాబాయి కాబట్టి ఇదే అని ఉంటారని నేను పూరించుకున్నవి ఏడు. పోయినవి నాలుగు.

ఈ లెక్క నేను కాగితం మీద వేసుకునేలోపు నా చెయ్యి జవాబు కొట్టేసింది. ఐదు తొమ్మిది తొమ్మిది.

కాసేపటికి ఫోన్ మోగింది.

"ఏంట్రా అది?"

"అలవాటులో చెయ్యి కొట్టేసిందండి."

"నా చేతికి జబ్బనుకో. నీ చేతికేమొచ్చింది?"

నేను కాగితం మీద తొమ్మిది, ఏడు, నాలుగు అని వేసుకున్నాను.

"సర్లే, గాల్లో అన్నది గాల్లో పోయింది. కార్డు మీద రాసి పంపు" అన్నారు.

మాలో అదొక పద్ధతి. ఇద్దరు మొదటిసారి గాల్లో కలిస్తే, ఒకరికొకరు పోస్టులో కార్డు పంపుకోవాలి. ఏ రోజు, ఎన్నింటికి, ఏ పౌనఃపున్యం మీద, ఎలా వినబడ్డారు. ఆ మూడంకెలూ అందులో రాసినవే లెక్క. ఆయన కార్డు ఆ వారంలోనే వచ్చింది. పిన్ని చేతిరాత. నాకు నాలుగు, ఏడు, తొమ్మిది ఇచ్చారు. అడుగున, చుక్కలు మరీ పొట్టి, తొందరెక్కువ అని రాయించారు.

నేనూ ప్రెస్సులో కార్డులు అచ్చు వేయించాను. ఒకదాని మీద తేదీ, టైము అన్నీ నింపాను. గట్టితనం ఏడు, ధ్వని తొమ్మిది. మొదటి గడి దగ్గర పెన్ను ఆగింది. చెవికి అందినవే లెక్కలోకి తీసుకుంటే ఇరవైకి తొమ్మిది. అది రెండే. పూరించుకున్నవి కలిపితే పదహారు, నాలుగు ఇవ్వొచ్చు. అంకె చెప్పాల్సింది కొట్టినదాని గురించి, విన్నవాడికి ఆయన ఎంత తెలుసన్నదాని గురించి కాదు. ఊరూ పేరూ తెలియని హామ్ ఎవరైనా వింటే తొమ్మిది కూడా అందేవి కావు. కానీ గాల్లో ఆయన మాట్లాడుతున్నది వాళ్లతో కాదు, నాతో.

ఇంకో ఆదివారం విని రాద్దామనుకున్నాను. ఆ ఆదివారం ఇరవైకి పదకొండు అందాయి. తర్వాత పదమూడు. వణుకు తగ్గిందా, నా చెవి ఆ వణుకుకి అలవాటు పడిందా అన్నది తెలియలేదు. పిన్నిని అడిగితే గ్లాసు ఇప్పుడూ సగమే పోస్తున్నానంది. అయితే మారింది నేనే. కొలబద్ద పెరుగుతుంటే కొలిచింది ఏమని రాయాలి?

ఆయన ప్రతి ఆదివారం అడుగుతారు, కార్డు ఏదని. లెక్క తేలలేదండి అని కొడతాను. అది నిజం. తేలేదాకా ఆయన కీ బల్ల మీదే ఉంటుందన్నది కూడా నిజం. అది ఆయనకీ తెలుసని నా అనుమానం. కిందటి ఆదివారం నేనలా కొట్టాక, ఎక్కువ చుక్కలతోనే, ఒక్కో అక్షరం విడివిడిగా వచ్చింది: నిదానంగానే తేల్చు, నాకు తొందర లేదు.

కార్డు నా సొరుగులో ఉంది. స్టాంపు కూడా అంటించాను. రెండో గడిలో ఏడు, మూడో గడిలో తొమ్మిది. నేను ఆయనకి ఇవ్వాల్సింది ఇంకా ఒక్క అంకె.