మణెమ్మకు సున్నా

వడ్డేపల్లి ఆశా కార్యకర్త హెప్సిబా కుంగుబాటు సర్వేకు బయలుదేరేముందు పెన్సిల్ చెక్కుకుంటుంది. హైదరాబాదు, బెంగళూరు డాక్టర్లు కలిసి చేయిస్తున్న ఆ సర్వే ఫారంలో తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులతో నాలుగు గళ్లు. గడిలో పెన్నుతో టిక్కు పెడుతుంది. గడిలో పట్టని మాటను పెన్సిల్‌తో అంచున రాసుకుంటుంది. "పని మీద ఇష్టం తగ్గిందా?" అని అడిగితే, విత్తనపత్తి చేలో గింజ కట్టేందుకు పువ్వుకు పువ్వు రుద్దే ఆడవాళ్లు "ఇష్టమెప్పుడుండె అక్కా, చేస్తున్నం గంతే" అని నవ్వుతారు. అది ఏ గడిలోకి వస్తుందో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

వనపర్తిలో డాక్టర్ల సదస్సుకు పిలిస్తే వెళ్లి వెనక వరసలో కూర్చుంది. మొత్తం సున్నా వచ్చినవాళ్లకు జబ్బు లేనట్టేనని, వైద్యం చేయాల్సినవాళ్ల జాబితా నుంచి తీసేస్తామని వేదిక మీది డాక్టరు చెప్పగానే లేచి నిలబడింది.

"సార్, మా ఊరి మణెమ్మకు సున్ననే వచ్చింది. నిద్రకు ఇబ్బందా అంటే, నిద్రతోని నాకేం పని అన్నది. నాలుగొద్దులాయె పండుకోక. ఒక్కతీరుగ నవ్వుకుంట ఉన్న చీరలన్నీ వాడకట్టుకు పంచింది. పోయినేడు గిట్లనే నవ్వి నవ్వి, ఆనక బావికాడికి పోతే పట్టుకొచ్చినం. తీసెయ్యమంటరా?"

డాక్టర్లు ఇంగ్లీషులో వాదించుకున్నారు. తిడుతున్నారో మెచ్చుకుంటున్నారో హెప్సిబాకు అర్థం కాలేదు. పెద్ద డాక్టరమ్మ వేదిక దిగి ఆమె దగ్గరికి వచ్చింది.

"టిక్కు తప్పు పెట్టిన్నా మేడం?"

"నువ్వు సరిగ్గానే పెట్టావమ్మా. మేమే సరిగ్గా అడగలేదు. దిగులు గురించే అడిగాం, ఇలా అతిగా పొంగిపోవడం కూడా జబ్బేనని అడగలేదు. ఇప్పుడామె దగ్గర ఎవరున్నారు?"

"మా అత్తను కూసోబెట్టొచ్చిన."

"ఫోన్ చెయ్యి. మనం వచ్చేదాకా ఆమెను వదలొద్దని చెప్పు."