రాజొక్కడే మిగిలిన ఆట

యాకుత్‌పురా స్టేషన్‌లో ఒక మనిషిని కొట్టాం. కొట్టింది మా మేనల్లుడు. చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నది నేను. అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను కనుక ఈ మాట నేనే రాస్తున్నాను.

రైలు ఆలస్యమైంది. మేనల్లుడి ఫోన్‌లో ప్రపంచ చదరంగం చివరి ఆట నడుస్తోంది. గెలిస్తేనే మనవాడికి కిరీటం. అవతలివాడికి రాజొక్కడే మిగిలాడు. మనవాడికి రాజుతో పాటు ఒక బంటు ఉంది. ఛత్రినాకలో మేమాడే పద్ధతిలో రాజొక్కడే మిగిలితే ఓడినట్టే.

"అయిపోయింది మామా, మనోడే!" అన్నాడు మేనల్లుడు.

బెంచీ మీద పక్కనున్న బక్కమనిషి తొంగిచూశాడు. "గెలువడు భాయ్. ఆ రాజుకు జరగనీకి జాగ ఉండది, గని దాని మీద దాడి గూడ లేదు. ఆ పెద్ద ఆటల గట్లయితే ఇద్దరు బరాబరే."

"నీ నోట్ల మన్ను వడ! నజర్ పెడుతున్నవా?"

మేనల్లుడు గుద్దాడు. లేవబోయిన ఆ మనిషి చేతులు నేను పట్టుకున్నాను. రెండో గుద్దుకు ముక్కు పగిలింది. మూడో గుద్దుకు పన్ను ఊడి నా చెప్పు మీద పడింది.

అప్పుడే ఫోన్‌లో ఆటగాళ్లు చేతులు కలిపారు. డ్రా.

"నీ నోటితోనే పాయె!" అని మేనల్లుడు మళ్లీ చెయ్యెత్తాడు. నేనింకా వదల్లేదు.

ఆయన నెత్తురు ఉమ్మి, మెడ తిప్పి నన్ను చూశాడు. "బాపూ, ఒక్క చెయ్యి ఇడువు. దస్తీ తీస్కుంట."

వదిలాను. మేనల్లుడు ఎత్తిన చెయ్యి దించాడు. వంగి పన్ను ఏరుకుని దస్తీలో మూట కట్టుకున్నాడు. రైలు వచ్చేదాకా నా పక్కనే కూర్చున్నాడు. ఆయన మణికట్ల మీద నా వేళ్లు ఎర్రగా అచ్చుపడి ఉన్నాయి. నా చేతులు నాకే చూడబుద్ధి కాలేదు.