బస్సు సీట్లు కుట్టిన జిప్పులక్క

వీధిలో అందరూ ఆమెను జిప్పులక్క అనే పిలుస్తారు. కన్నవాళ్లు పెట్టిన పేరు ఏ కాగితం మీదో ఉండే ఉంటుంది గానీ, దానితో ఎవరికీ పని పడలేదు. మందుల షాపుకీ బట్టల కొట్టుకీ మధ్య, మనిషి పక్కకి తిరిగితే గానీ పట్టని ఇరుకు గదిలో ఆమె దుకాణం. తెగిన బ్యాగులు, ఊడిన జిప్పులు, చిరిగిన గొడుగులు, అన్నీ అక్కడికే వచ్చి పడతాయి. పనికి వంక పెట్టడానికి లేదు. చిక్కంతా నోటితోనే. కోపం ముక్కు మీద, నిజం నాలుక మీద పెట్టుకుని తిరిగే మనిషి. రెండూ ఒకేసారి బయటికొస్తే ఎదుటివాడి గతి చెప్పక్కర్లేదు.

"ఊళ్లో బ్యాగులన్నిటికీ జిప్పులు వేస్తావు. నీ నోటికి కూడా ఒకటి వేసుకోరాదుటే," అనేవాడు మొగుడు. ఆయన ఒకప్పుడు గోడలకు రంగులు వేసేవాడు. నిచ్చెన మీంచి పడి కుడిచెయ్యి పట్టు తప్పాక ఇంట్లో వంట ఆయనదైంది.

"వేసుకుంటే నీ కూరలో ఉప్పెక్కువైందని ఎవరు చెప్తారయ్యా?" అనేది ఆమె.

ఇంత పనిమంతురాలికీ సొంత మిషన్ లేదు. ఆ వీధిలో సగం మంది లాగే ఆమె కూడా మిషన్లాయన దగ్గర అద్దెకు తెచ్చుకుని కుట్టేది. కుట్టినా అద్దె కట్టాలి, కుట్టకపోయినా కట్టాలి. జ్వరమొచ్చి ఆమె పడుకున్న రోజున కూడా మిషన్ మాత్రం ఆయనకు సంపాదించి పెడుతూనే ఉండేది. పన్నెండేళ్లలో కట్టిన అద్దెతో అలాంటివి అరడజను కొనొచ్చని ఆమెకు తెలీక కాదు. అంత డబ్బు ఒక్కసారిగా చేతికొచ్చే దారి లేదు. వడ్డీకి తెచ్చిన అనుభవం ఒకటి ఉంది. పదివేలు అడిగితే మొదటి నెల వడ్డీ అనీ, కాగితాల ఖర్చనీ ముందే కోసుకుని, ఎనిమిదిన్నర చేతిలో పెట్టి, పదివేలకి సంతకం పెట్టించుకున్నారు. అది తీర్చేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

అలా రోజులు వెళ్తుండగా ఒకనాడు బస్సు డిపో సూపర్‌వైజరు పిడి తెగిన బ్యాగు పట్టుకుని వచ్చాడు. ఆమె కుట్టిచ్చాక పిడిని అటూ ఇటూ లాగి చూసి, "బస్సు సీట్ల మీద రెక్సిన్ కుట్టగలవా అమ్మా?" అని అడిగాడు. బస్సుల సీట్లన్నీ మార్పించాలి. ముందు ఒక్క బస్సు, నలభై సీట్లు, పన్నెండు రోజుల్లో కుట్టి చూపించాలి. బాగుంటే మిగతావీ ఆమెకే. బాగోకపోతే పెద్ద కంపెనీకి ఇచ్చేస్తారు.

"దానికేం, భేషుగ్గా కుడతాను," అంది జిప్పులక్క. ఆయన వెళ్లాక అద్దె మిషన్ వైపు చూసుకుంది. దాని కింద రెక్సిన్ పెడితే సూది విరుగుతుంది. రెక్సిన్‌కు లావు దారం పట్టే పెద్ద మిషన్ కావాలి.

అలాంటిది మిషన్లాయన దగ్గర ఉంది. అడిగితే ఆయన తాపీగా, "దానికి రోజు అద్దె లేదమ్మా. వచ్చే కూలీలో సగం ఇచ్చెయ్," అన్నాడు.

"సగం కూలీ తీసుకుంటే సగం సీట్లు మీరు కుట్టండి మరి," అంది జిప్పులక్క.

మర్నాడు పొద్దున్నే తోపుడుబండి ఒకటి వచ్చి, ఉన్న అద్దె మిషన్ కూడా ఎక్కించుకుపోయింది. ఖాళీ గదిలో నేల మీద మిషన్ కాళ్ల గుర్తులు నాలుగు మిగిలాయి. వాటి మధ్య కూలబడి ఆమె చాలాసేపు ఏడ్చింది.

మొగుడు ఈసారి వేళాకోళం చెయ్యలేదు. "లైబ్రరీ మేడ మీద చేబదుళ్ల సంఘం ఉందిట. ఆదివారం ఆదివారం కూర్చుంటారు. వడ్డీ లేకుండా ఇస్తారుట," అన్నాడు.

"వడ్డీ లేకుండా ఎవరిస్తారయ్యా? వాళ్లకేమైనా పిచ్చా?"

అన్నదే గానీ దరఖాస్తు పెట్టింది. పాత సామాన్ల వ్యాపారి దగ్గర పెద్ద మిషన్ ఇరవై రెండు వేలకు బేరమాడి ఉంచింది. కాగితం మీద మాత్రం ఇరవై ఐదు రాసింది. ఎంత మంచివాళ్లయినా ముందు కొంత కోసుకోకుండా ఇవ్వరు కదా, మూడు వేలు పోయినా మిషన్ డబ్బులు మిగులుతాయని ఆమె తెలివి.

సంఘం పెట్టింది కూడా డబ్బున్నవాళ్లేం కాదు. కూరలమ్మేవాళ్లు, మంగలి, ఆటోవాళ్లు, ఆయాలు వారం వారం వేసుకున్న డబ్బే అవసరమైనవాళ్లకు తిరుగుతుంది. తాకట్టు అడగరు. నియమం ఒక్కటే. చుట్టం కాని మనిషి, నీ పని కళ్లారా చూసిన మనిషి, అందరి ముందూ లేచి నీ గురించి నిజం చెప్పాలి.

ఆమె కోసం చెప్తానన్న బ్యాగుల షాపాయన ఆదివారం రానేలేదు. మిషన్లాయనతో ఆయనకు పనులున్నాయి మరి. పైగా సంఘం లెక్కలు చూసే రిటైరైన టీచరమ్మ కళ్లజోడు సర్దుకుని, "ఏమ్మా, వ్యాపారికి ఫోన్ చేశాం. మిషన్ ఇరవై రెండన్నాడు. నువ్వు ఇరవై ఐదు రాశావు. మిగతా మూడు వేలు ఎందుకు?" అని అడిగింది.

జిప్పులక్క అబద్ధం ఒకటి అల్లబోయింది గానీ నోరు మాట వినలేదు. "మీరు కోసుకోవడానికండీ," అంది.

"మేమా? ఏం కోసుకుంటాం?"

"ముందు వడ్డీ. ఎవరైనా కోసుకునే ఇస్తారుగా. అందుకని పెంచి రాశాను."

నలుగురు కిసుక్కున నవ్వారు. ఆటో అతను ఒకడు మాత్రం నవ్వలేదు. "మొదటి కాగితమే అబద్ధమైతే ఎట్లాగండీ? ఇది మా కష్టార్జితం. ఆవిడ కోసం చెప్పే మనిషి కూడా రాలేదు," అన్నాడు. అతను అన్నదాంట్లో తప్పు లేదు. టీచరమ్మ కాగితం మడవబోయింది. పన్నెండు రోజుల్లో మూడు అప్పటికే అయిపోయాయి.

అప్పుడు వెనక వరసలోంచి ఒకాయన లేచాడు. ఆమె దుకాణానికి ఎదురుగా ఉండే టైలర్ మాస్టరు. ఏడేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. సంఘంలో ఆయన కూడా ఉన్నాడని ఆమెకు ఆ క్షణం దాకా తెలీదు. ఇంక అయిపోయింది, పాత కక్షంతా ఇక్కడ తీర్చుకుంటాడనుకుని తల దించుకుంది.

"ఈవిడ నోరు మంచిది కాదండీ," అన్నాడు మాస్టరు. "ఏడేళ్ల కిందట నా గిరాకీ ఒకాయన నేను కుట్టిన ప్యాంటు పట్టుకెళ్లి చూపిస్తే, జిప్పు వంకరగా వేశాడని మొహం మీదే చెప్పేసింది. ఆయన మళ్లీ నా షాపు మెట్లెక్కలేదు. అప్పట్నుంచి ఈవిడతో నేను మాట్లాడలేదు."

ఆయన ఒకసారి జిప్పులక్క వైపు చూశాడు.

"ఇంతకీ జిప్పు వంకరగానే వేశానండీ. ఈవిడకి అబద్ధం చేతకాదు. ఇందాక మీరు అడగ్గానే చెప్పేసింది, చూశారుగా. ఇంక పనంటారా, ఏడేళ్లుగా ఎదురుగా కూర్చుని తప్పు దొరుకుతుందేమోనని చూస్తూనే ఉన్నాను. దొరకలేదు. ఈవిడకి ఇవ్వకపోతే ఇంకెవరికిస్తారు?"

టీచరమ్మ మడవబోయిన కాగితం మళ్లీ విప్పి, ఇరవై ఐదు కొట్టేసి ఇరవై రెండు రాసింది. ఆటో అతనే అందరికంటే ముందు చెయ్యెత్తాడు. ఒక్క పైసా కోత లేకుండా డబ్బంతా చేతిలో పెడితే, జిప్పులక్క దాన్ని పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"కూర్చోమ్మా, కళ్లు తిరుగుతున్నాయా?" అంది టీచరమ్మ.

"లేదండీ. ఇంతా నాకేనా అని చూస్తున్నాను."

ఆ సాయంత్రమే మిషన్ వచ్చింది. మోటారు తిప్పితే గది గోడలు అదిరాయి, మందుల షాపులో సీసాలు గలగలలాడాయి. మొగుడు ఎడమచేత్తో సుద్ద గీతలు గీశాడు, ఆమె కత్తిరించి కుట్టింది. రెండో రోజుకి భుజాలు పట్టేశాయి. నాలుగో రోజున మాస్టరు రోడ్డు దాటి వచ్చి, తన పెద్ద కత్తెర బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. రెక్సిన్ ఆ కత్తెరకు వెన్నలా తెగింది.

పన్నెండో రోజున, గడువుకు ఒక పూట ముందే, నలభై సీట్లూ బస్సులో బిగించారు. డిపోలో సూపర్‌వైజరు ఒక్కో సీటు కుట్టులోకి వేళ్లు దూర్చి లాగాడు. చాలక, ఆ డిపోలో అందరికంటే లావుపాటి డ్రైవర్ని పిలిచి దూకి కూర్చోమన్నాడు. ఆయన సంబరంగా నాలుగు సీట్ల మీద దూకాడు. బస్సు ఊగింది గానీ ఒక్క దారప్పోగు లేవలేదు.

"మిగతావి కూడా కుట్టాలమ్మా," అన్నాడు సూపర్‌వైజరు.

"ఎన్నండీ?"

"నలభై రెండు బస్సులు."

మొగుడు వెనకనుంచి కొంగు లాగాడు, కాస్త ఆలోచించి చెప్పమన్నట్టు. ఆమె కొంగు విదిలించుకుంది.

"ఒకదాని వెనక ఒకటి పంపించండి. ఆగకుండా పంపించండి," అంది.

మొదటి బస్సు కూలీ కవరు తీసుకుని కిందికి దిగాక మాత్రం బస్సు మెట్టు మీదే కూర్చుండిపోయి, కళ్లనీళ్లు కారుతుండగా పెద్దగా నవ్వేసింది. మొగుడు కంగారుపడి, "ఏమైందే?" అన్నాడు.

కవరు విప్పకుండానే ఆయన ఎడమచేతిలో పెట్టింది.

"సంఘం వాయిదా ఒక్కటి తీసి పక్కన పెట్టు. తక్కినదంతా మనదేనయ్యా, మొత్తం మనదే."