పంచని నోటీసులు

పంతొమ్మిది వందల అరవైలలో హోసూరులో నేనూ ఒక మిత్రుడూ కలిసి, సొంతంగా సినిమా తీయాలనుకునేవారికి ఉచితంగా కెమెరా ఇచ్చే చిన్న సంఘం నడిపేవాళ్లం. సామల్పట్టి డ్రాయింగ్ మాస్టారు రెండేళ్లు కష్టపడి, తమ ఊళ్లో చింతపండు కొట్టే ఆడవాళ్ల మీద మాటల్లేని సినిమా తీశారు. దాని మొదటి ప్రదర్శనకు ఊరూరా నోటీసులు పంచే పని నాది. ఎండకు బద్ధకించి, కట్ట విప్పకుండానే మంచం కిందికి తోసేశాను.

ప్రదర్శన ఉన్న ఆదివారం మిత్రుడు ఊళ్లో లేడు. హోసూరు బడి కిటికీలకు కంబళ్లు కట్టి మాస్టారూ నేనూ ఎదురుచూశాం. ఒక్కరూ రాలేదు.

"నోటీసులు అందరికీ ఇచ్చినావా అప్పా?" అన్నారు మాస్టారు.

"సూళగిరి దాకా పోయి ఇచ్చినాను. మన జనానికి ఇట్లాంటివి పట్టవు మాస్టారూ."

"పోనీలే, మనిద్దరమే చూద్దాం. బెంచీలన్నీ మనవే కదా, కాళ్లు చాపుకో!"

తెర మీద ఆడవాళ్లు నవ్వినప్పుడల్లా ఆయన ఒక్కరే నవ్వారు. సినిమా చాలా బాగుంది. ఆ మాటంటే, మరి జనం ఎందుకు రాలేదని అడుగుతారేమోనని ఊరుకున్నాను.

వెళ్తూ కెమెరా తిరిగిచ్చేశారు. "ఇంకెవురికన్నా ఇయ్యప్పా."

ఆయన మళ్లీ సినిమా తీయలేదు. ఇప్పుడాయన లేరు. ఆ సినిమా చూసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. బాగుందని చెప్పడానికి ఎవరూ లేరు.