తువ్వాలు కింద మా సంసారం

మా ఆయన నూజివీడులో మామిడికాయల వ్యాపారి. బేరం చేసేటప్పుడు ఆయన మొహం చూసి లాభమో నష్టమో కనిపెట్టిన మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు. వ్యాపారానికి అది మంచిదే. చిక్కేంటంటే, అదే మొహం ఇంటికీ తెచ్చుకుంటారు. కొత్త చీర ఎలా ఉందంటే "బాగుంది". ఒకసారి పొరపాటున పులుసులో ఉప్పు రెండుసార్లు వేశాను, అదీ బాగుందిట. కాస్త పెద్ద విషయం అడిగితే "నీ ఇష్టం". నేను ఉంగుటూరులో కిరాణా కొట్టువాళ్లింట్లో పుట్టినదాన్ని. మా ఇంట్లో ప్రేమైనా పోట్లాటైనా వీధి చివరికి వినిపించాల్సిందే. ఈ మూగనోము మనిషితో ఎలా వేగానో నాకే తెలుసు.

ఆమధ్య మా అమ్మ పెరట్లో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. నాన్న పోయాక ఒక్కతే ఉంటోంది. మా ఇంటికి వచ్చెయ్యమన్నాను. "అల్లుడింట్లో ఉండడమా! అల్లుడుగారు మనస్ఫూర్తిగా రమ్మంటేనే వస్తాను, మొహమాటానికి పిలిస్తే రాను" అని తేల్చి చెప్పింది. ఆయన్ని అడిగాను. ఏమన్నారో మీకు తెలిసే ఉంటుంది.

ఆ "నీ ఇష్టం" పట్టుకుని అమ్మని ఎలా తీసుకురాను? ఆయనకి లోపల కష్టంగా ఉంటే ఆవిడకి ఇక్కడ ముద్ద దిగదు. నాకు నిజం కావాలి, వినాలంటే భయంగానూ ఉంది.

అప్పుడే దండెం మీద ఆయన తువ్వాలు కనిపించింది. మామిడికాయల బేరంలో ధర నోటితో చెప్పరు. చుట్టూ ఉన్నవాళ్లకి తెలియకుండా ఇద్దరూ తువ్వాలు కింద చేతులు కలుపుతారు. కొనేవాడు అమ్మేవాడి వేళ్లు ఎన్ని పట్టుకుంటే అంత ధర. అలా ఇచ్చిన మాట తప్పిన మనిషితో మర్నాటి నుంచి ఎవరూ చెయ్యి కలపరు. మా ఆయన ఏనాడూ తప్పలేదు.

సాయంత్రం ఆయన రాగానే ఎదురుగా కూర్చుని మా ఇద్దరి చేతుల మీదా తువ్వాలు కప్పాను.

"ఏంటిది?" అన్నారు.

"బేరం. మా అమ్మ రావడం మీకెంత ఇష్టమో చెప్పండి. చెయ్యంతా పట్టుకుంటే పూర్తిగా ఇష్టమని."

"నీ ఇ..."

"నోటితో కాదండీ!"

మొహం గోడకేసి తిప్పుకున్నారు. తర్వాత నా వేళ్లు రెండు పట్టుకున్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "మా అమ్మకి రెండేనా?"

"ఎక్కడైనా మొదటి బేరం అంతేనే. పెంచుకోవాలి."

"ఏం చేస్తే పెరుగుతుందో సెలవివ్వండి."

"ఆవిడ ఎదురుగా బనీనుతో తిరగలేను. ఇంత ఎండల్లో నా ఇంట్లో నేను చొక్కా గుండీలు పెట్టుకుని కూర్చోవాలా?"

వరండా మీకు, వెనకగది అమ్మకి అన్నాను. మూడో వేలు వచ్చింది. టీవీ సంగతేంటన్నారు. అమ్మకి ఫోన్లో సీరియళ్లు చూడడం నేర్పిస్తానన్నాను. నమ్మకం లేకపోయినా నాలుగో వేలు పట్టుకున్నారు.

బొటనవేలు దగ్గర బేరం ఆగిపోయింది. ఎంత అడిగినా ఉలకరు, పలకరు. విసుగొచ్చి చెయ్యి లాక్కోబోతే వదల్లేదు.

"ఆవిడొస్తే నీ కబుర్లన్నీ ఆవిడకే చెబుతావు" అన్నారు, ఇంకా గోడకేసే చూస్తూ. "రోజంతా కాయల రేట్లు విని వస్తాను. నీ మాటలు చెవిన పడితేనే ఇంటికొచ్చినట్టుంటుంది. ఇక నాకెవరు చెబుతారు?"

ఇన్నేళ్లూ గోడకి చెప్పుకుంటున్నాననే అనుకున్నాను. పాలవాడి మీద చాడీలు, పక్కింటావిడ గొప్పలు, అన్నీ ఈయన వింటున్నారన్నమాట! ఏడుపొచ్చింది, వెంటనే కోపమూ వచ్చింది.

"ఈ ముక్క ముందే చెబితే మీ సొమ్మేం పోయిందండీ?"

"నవ్వుతావనుకున్నా."

నవ్వలేదు. కళ్లు తుడుచుకుని, "నేనూ ఒక నిజం చెప్పనా? మీరు వినరనే ధైర్యంతోనే మీ చెల్లెల్ని అన్నేసి మాటలన్నాను" అన్నాను.

"తెలుసు" అన్నారు.

తువ్వాలు తీసి భుజాన వేసుకున్నారు. నా చెయ్యి మాత్రం బొటనవేలితో సహా ఆయన చేతిలోనే ఉంది.

"రేపు మనమే వెళ్లి అత్తయ్యగారిని తీసుకొద్దాం" అన్నారు. "వెళ్లేటప్పుడు కార్లో మనిద్దరమే కదా. ఊరు వచ్చేదాకా మాట్లాడుతూనే ఉండు."