మూడో రౌండులో వెనకబడ్డవాడు

మా ట్రాకు దగ్గర ఇప్పటికీ ఒక మాట తిరుగుతూ ఉంటుంది. ఇంగ్లండుకు వెళ్లి అక్కడి రెండో శ్రేణి స్పీడ్‌వే లీగులో ఒక సీజనంతా బైకు నడిపి వచ్చిన మా క్లబ్బు రైడరు చివరి ఆరు వారాలు కావాలనే ఓడిపోయాడని. క్లబ్బులో కొత్తగా చేరినవాళ్లకు కూడా టీ తాగుతూ ఎవరో ఒకరు ఆ సంగతి చెబుతారు. ఆ మాట మొదట అన్నది నేను. అది నిజం కాదు. దానివల్ల అతనికి మరుసటి ఏడాది దక్కాల్సిన చోటు పోయింది. నా బావమరిది నేనుండగా నా ఇంటికి రావడం మానేశాడు. క్లబ్బు మీటింగులో ఒకసారి నోటితో చెప్పాను. సగంమంది విన్నారు. మిగతా సగంమంది కోసం రాస్తున్నాను.

నేను న్యూజీలాండ్‌లోని లోవర్ హట్‌లో ఒక మెషీన్ షాపులో పనిచేస్తాను. తయారైన భాగాలను కొలిచి, ఏది పంపాలో ఏది పక్కన పెట్టాలో తేల్చడం నా పని. ఎవరైనా వచ్చి "బాగానే వచ్చింది" అంటే, కొలిచేదాకా నమ్మను. షాపులో నాకు గౌరవం ఉన్నది అందుకే. ఇంట్లో లేనిదీ అందుకేనని మా ఆవిడ అంటుంది.

బావమరిది ఆమె తమ్ముడు. కరీంనగర్ నుంచి చదువుకోడానికి వచ్చి, చదువు కాగానే మా షాపులోనే లేత్ మీద కుదురుకున్నాడు. ఆ రైడరు ఒకరోజు ఇంజిన్ భాగం పట్టుకుని మా షాపుకు వచ్చాడు. ముప్పై మూడేళ్ల కివీ, అంటే ఈ దేశంవాడే. పగలంతా పొలాలకు కంచెలు వేసే పని చేసి, సెలవు రోజుల్లో పందేలు నడిపేవాడు. బావమరిది ఆ భాగాన్ని చేసిచ్చాడు, నేను కొలిచి ఇచ్చాను. ఆ శనివారం మమ్మల్ని ట్రాకుకు రమ్మన్నాడు.

ఆ బైకులకు బ్రేకులు ఉండవు. గేరు ఒక్కటే. మట్టి ట్రాకు మీద నలుగురు రైడర్లు నాలుగు రౌండ్లు తిరుగుతారు, నిమిషంలో అయిపోతుంది. గెలిచినవాడికి మూడు పాయింట్లు, తర్వాతివాళ్లకు రెండు, ఒకటి, చివరివాడికి సున్నా. సంగతి విని మా ఆవిడ, "బ్రేకుల్లేని బండి మీద కూసునేటోనికి తెలివి లేదు సరే, దానికి నట్లు బిగించెటోనికన్న ఉండాలె గద" అంది. బావమరిది అప్పటికే నట్లు బిగించడం మొదలుపెట్టాడు.

నన్ను పట్టుకున్నది మాత్రం అక్కడి కాగితం. ప్రతి ప్రేక్షకుడి చేతిలో ఒక కార్యక్రమ పత్రం, అందులో ఒక్కో పందేనికి నాలుగు ఖాళీ గళ్లు, జేబులో పెన్ను. పందెం అయిన వెంటనే వందలమంది ఒకేసారి తలలు వంచుకుని రాసుకుంటారు. పరీక్ష హాలు గుర్తొస్తుంది. రెండు నెలలు తిరగకుండానే నేను ఒక పొడుగు నోటుపుస్తకం కొని, నా గళ్లు నేనే గీసుకున్నాను. పడిపోతే 'ప', బండి ఆగిపోతే 'ఆ'. క్లబ్బులో ఎవరికి ఏ లెక్క కావాలన్నా నా దగ్గరికే వచ్చేవాళ్లు.

ఇంగ్లండు జట్టునుంచి పిలుపు వచ్చినప్పుడు రైడరు మెకానిక్కుగా రమ్మని మొదట అడిగింది నన్ను. ఈ సంగతి మీటింగులో చెప్పలేదు, ఇక్కడ చెప్పాలి. ఇల్లు కొని మూడేళ్లే అయింది, ఆరు నెలలు పని వదిలి వెళ్లలేనన్నాను. "మా బావమరిదిని తీసుకుపో, నాకంటే చెయ్యి మంచిది" అన్నాను. పెద్దమనసుతో అన్నట్టే అన్నాను. ఎయిర్‌పోర్టులో అతన్ని కావలించుకుని పంపించి, తిరిగి వచ్చేటప్పుడు ఇంటిదాకా మా ఆవిడతో ఒక్క మాట మాట్లాడలేదు.

అక్కడి సాయంత్రం పందేలు మాకు పొద్దున ఆరున్నరకు మొదలయ్యేవి. ఇక్కడ అప్పుడు చలికాలం. హీటర్ పక్కన కుర్చీ వేసుకుని, టీ పెట్టుకుని, లాప్‌టాప్ ముందు నోటుపుస్తకం తెరిచేవాణ్ని. ఏప్రిల్ నుంచి జూలై దాకా మా వాడు బాగా నడిపాడు. మూడు, మూడు, రెండు, మూడు. పందేల మధ్య కెమెరా బైకుల దగ్గరికి తిరిగితే, నూనె మరకల అంగీలో బావమరిది కనిపించేవాడు. మా ఆవిడ పొయ్యి దగ్గరనుంచి పరుగెత్తుకొచ్చి, "చిక్కిండు" అని వెళ్లిపోయేది.

జూలైలో ఒకరోజు ఫోన్‌లో బావమరిదే ఒక విషయం చెప్పాడు. అక్కడ ప్రతి రైడరుకూ ఒక సగటు ఉంటుంది, ఒక్కో మ్యాచుకు ఎన్ని పాయింట్లు తెస్తాడో ఆ లెక్క. మరుసటి ఏడాది జట్టు కట్టేటప్పుడు ఏడుగురి సగటులూ కలిపి ఒక హద్దు దాటకూడదు. ఎక్కువ సగటు ఉన్నవాణ్ని తీసుకుంటే మిగతా ఆరుగురికి చోటు బిగుసుకుపోతుంది.

"ఇగ చూడు బావా," అన్నాడు నవ్వుతూ, "ఈడ మంచిగ ఉరికినోనికే ముందుగాల చోటు పోతది. జర తక్కువ ఉరికితెనే గిరాకి."

"అట్ల కావాలని తక్కువ ఉరికెటోళ్లు ఉంటరా?"

"ఉంటరంటరు. ఎవడు పట్టుకుంటడు? బండికి నోరుందా చెప్పనీకి?"

నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేశాక పుస్తకం చివరి పేజీలో రైడరు సగటు లెక్కవేశాను. ఎక్కువే ఉంది.

ఆగస్టులో ఒక మ్యాచు ప్రసారం కాలేదు. తర్వాత ఫలితాలు చూసి గళ్లలో ఎక్కించుకున్నాను. రెండో పందెంలో మా వాడు పడ్డాడు. 'ప', సున్నా. తర్వాతి పందెంలో మళ్లీ ఎక్కి రెండు పాయింట్లు తెచ్చాడు. స్పీడ్‌వేలో పడటం మామూలే, లేచి నడిపాడు కదా అనుకుని పేజీ తిప్పేశాను.

ఆ తర్వాతనుంచి అంకెలు మారాయి. ఒకటి, ఒకటి, సున్నా, రెండు, సున్నా. నన్ను కుదురుగా ఉండనివ్వనిది అంకెలు తగ్గడం కాదు, తగ్గిన తీరు. స్టార్టులో ఎప్పటిలాగే ముందు దూకేవాడు. రెండు రౌండ్లు ముందే ఉండేవాడు. మూడో రౌండులో ఎవరో చెప్పి ఆపినట్టు వేగం తగ్గి, పక్కవాళ్లు దాటిపోయేవాళ్లు. బండి చెడిపోతే ప్రతిసారీ మూడో రౌండులోనే ఎందుకు చెడుతుంది? నేను పందేలు చూడటం మానేసి అతన్నొక్కణ్నే చూడటం మొదలుపెట్టాను.

అప్పుడు ఇంకోటి కనిపించింది. ప్రతి పందేనికి ముందు బావమరిది అతని ముందు మోకాళ్ల మీద కూర్చుని, కుడిచేతి గ్లవ్ తానే తొడిగేవాడు. తొడుగుతూ తలెత్తి ఏదో అడిగేవాడు. రైడరు తల ఊపేవాడు. ఇద్దరూ ఒకసారి అటూ ఇటూ చూసుకునేవాళ్లు. ఆ చూపు చూసి, వీళ్లు దాచేదేదో ఉందని నాకు రూఢి అయిపోయింది. దాస్తున్న మాట నిజమే, అంతవరకు నేను తప్పు కాదు.

ఫోన్ చేస్తే బావమరిది ముక్తసరిగా మాట్లాడేవాడు.

"ఏమైంది రా, పాయింట్లు వస్తలేవు?"

"ట్రాకులు కొత్తయి బావా."

"మూడో రౌండ్ల ఏమైతుంది?"

కొంచెం ఆగాడు. "ఏమైతది? ఏం కాలే."

"ఇంజిన్ మంచిగనే ఉందా?"

"ఇంజిన్ నేను చూస్తున్న గద. అక్కకియ్యి ఫోను."

ఆ 'కొంచెం ఆగడా'న్ని కూడా నేను పుస్తకంలో రాసుకున్నాను. తేదీ వేసి, 'అడిగితే తడబడ్డాడు' అని. మా ఆవిడ నా భుజం మీదుగా అది చదివింది.

"నీకేమన్న తిక్క లేశిందా? నా తమ్ముని మీద డైరీ రాస్తున్నవా?"

"వాని మీద కాదు. లెక్క తప్పుతుంది, చూస్తున్న."

"లెక్క తప్పితె వాన్ని అడుగు."

"అడిగిన. చెప్తలేడు."

"నువ్వు అడిగినట్టు అడిగితె నేను గూడ చెప్ప," అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

సెప్టెంబరు చివర్లో మా ట్రాకు దగ్గర వర్కింగ్ బీ పెట్టారు. సీజన్‌కు ముందు అందరూ చేరి కంచెకు రంగులేసి, బెంచీలు బాగుచేసే రోజు. నేను క్లబ్బు పెద్దాయనతో కలిసి కంచెకు తెల్లరంగు వేస్తున్నాను. డెబ్బై దాటిన మనిషి, పాతకాలపు రైడరు. బ్రష్షు డబ్బా మీద పెట్టి, ఇంగ్లండు జట్టు మేనేజరు తనకు ఈమెయిల్ రాశాడని చెప్పాడు. మా వాణ్ని వచ్చే ఏడాదికి ఉంచుకోవాలా వద్దా అని అడుగుతున్నాడట. మొదటి నాలుగు నెలలు చూస్తే ఉంచుకోవాలనుంది, చివరి నెల అర్థం కావడం లేదు, ఎరిగినవాళ్లు మీరు చెప్పండి అని.

"నీ దగ్గర పుస్తకం ఉంది కదా," అన్నాడు పెద్దాయన. "నువ్వేమంటావ్, మేట్?"

నాకు తెలియదు అనవచ్చు. ఇంకో రెండు వారాల్లో వాళ్లే వస్తారు, అప్పటిదాకా ఆగమని అనవచ్చు. కానీ ఆ క్లబ్బులో చేరిన ఇన్నేళ్లలో అంత పెద్ద మాట నన్నెవరూ అడగలేదు. కారులోనుంచి పుస్తకం తెచ్చాను. రంగు అంటిన వేళ్లతోనే పేజీలు తిప్పి చూపించాను. స్టార్టు చూడండి, మూడో రౌండు చూడండి, సగటు ఎంత దిగిందో చూడండి, గ్లవ్ తొడిగేటప్పుడు ఆ మాటలేమిటో మీరే ఆలోచించండి అన్నాను. వచ్చే ఏడాది చౌకగా దొరకాలని సగటు దించుకుంటున్నాడు, మా బావమరిదికీ తెలుసు అన్నాను. నా ఇంట్లో మనిషి పేరు కూడా చెప్పేసరికి పెద్దాయన ఇక అనుమానించలేదు. సొంతవాళ్ల మీద ఎవరూ ఊరికే చెప్పరు కదా. మా చుట్టూ మరో నలుగురు బ్రష్షులు పట్టుకుని నిలబడి వింటున్నారు.

పెద్దాయన ఆ సాయంత్రమే మేనేజరుకు జవాబు రాశాడు. వారం తిరగకముందే మా వాడి చోటు ఇంకొకరికి ఇచ్చేశారు.

అక్టోబరులో వాళ్లు తిరిగి వచ్చిన రోజు ఎయిర్‌పోర్టుకు నేనే వెళ్లాను. రైడరు ముందు బయటికి వచ్చాడు. కుడిచెయ్యి మోచేతిదాకా కట్టులో ఉంది. ఎడమచేత్తో నా భుజం తట్టి, తనకోసం వచ్చిన అన్న కారు ఎక్కి వెళ్లిపోయాడు. బావమరిది నా కారు ఎక్కాడు. సముద్రం పక్కగా వెళ్తుండగా ఫోన్ తీసి, ఎక్స్‌రే ఫొటో డాష్‌బోర్డు మీద పెట్టాడు.

"మణికట్టుల చిన్న బొక్క. ఆగస్టుల ఇరిగింది. పడ్డడు గద, నీ బుక్కుల ఉండాలె."

నేను రోడ్డు మీదనుంచి కళ్లు తిప్పి ఆ ఫొటో చూశాను.

"రెండు రౌండ్లు పట్టుకుంటుండె. మూడో రౌండ్ల చెయ్యికి పట్టు పోతుండె, యాక్సిలరేటర్ తిరగకపోతుండె. రోజు టేపు చుట్టి గ్లవ్ నేనే తొడిగేది. 'నొస్తుందా, ఆపుదమా' అని అడిగేది. వద్దని తల ఊపేటోడు."

"మరి ఎందుకు దాచిర్రు?"

"జట్టుల ఇద్దరు అప్పటికే ఆస్పత్రిల ఉన్నరు. ఈయన గూడ కూసుంటె జట్టు ఆగం అయితది. ఈ వయసుల ఇంకో పిలుపు రాదు అన్నడు. ఎవ్వరికి చెప్పనని నాతోని ఒట్టు పెట్టించుకున్నడు. అక్కకు గూడ చెప్పలె. తప్పే బావా, ఇరిగిన చెయ్యితోని ట్రాకెక్కుడు తప్పే. పక్కోని మీద పడితె? ఆ మాట రోజు అన్న. కని నీ బుక్కు చూసి మీ పెద్దాయన మేనేజరుకు రాసినట్టు, కావాలని ఓడినోడు గాదు."

"నేను నిన్ను అడిగిన గద రా."

"నువ్వు నన్ను అడగలె. కొలిచినవ్."

ఇంటి ముందు కారు ఆపాను. పెట్టె దించుకున్నాడు కానీ లోపలికి రాలేదు. వాకిట్లోనే అక్కతో మాట్లాడి, జాన్సన్‌విల్‌లో ఉన్న స్నేహితుడి ఫ్లాటుకు వెళ్లిపోయాడు. ఇప్పటికీ అక్కడే ఉంటున్నాడు, మా షాపుకు కూడా తిరిగి రాలేదు. నేను పనిలో ఉన్నప్పుడు వచ్చి అక్కను చూసిపోతాడు. సింకులో ఉన్న రెండు టీ కప్పులను బట్టి నాకు తెలుస్తుంది.

ఆ సాయంత్రం పుస్తకం తెరిచి 'ప' ఉన్న గడి చూశాను. నా చేతిరాతే. దాని తర్వాత ఒక్కో మ్యాచుకు అంకెలు ఎలా దిగాయో మైక్రోమీటరు లేకుండానే ఎవరికైనా తెలుస్తుంది. నేను సగటును చివరనుంచి వెనక్కి చదివాను. దొంగ అని ముందే అనుకున్నాను కాబట్టి ఆ గడి దగ్గర ఆగలేదు.

పెద్దాయన దగ్గరికి మర్నాడే వెళ్లి చెప్పాను. ఆయన మేనేజరుకు మళ్లీ రాశాడు. జవాబు మర్యాదగానే వచ్చింది: పొరపాటుకు చింతిస్తున్నాం, ఏడు చోట్లూ నిండిపోయాయి. తర్వాతి మీటింగులో నేను లేచి నిలబడి చెప్పాను. కొందరు తలలు వంచుకున్నారు. ఒకాయన మాత్రం బయటికి వస్తూ, ఏమో, నిప్పు లేనిదే పొగ రాదు కదా అన్నాడు. ఆ పొగ పెట్టింది నేనే అని ఇప్పుడే కదయ్యా చెప్పాను అంటే నవ్వి వెళ్లిపోయాడు.

రైడరు మణికట్టు సరిగ్గా అతుక్కోలేదు. ఇంగ్లండునుంచి మరో పిలుపు రాలేదు. కంచెల పని మళ్లీ చేసుకుంటున్నాడు, బైకు మాత్రం ఎక్కడం లేదు.

పోయిన ఎండాకాలంలో ఒక శనివారం, నేను బెంచీ మీద పుస్తకం పెట్టుకుని ఉంటే, అతను వచ్చి పక్కన కూర్చున్నాడు. క్షమించమని ఇదివరకే అడిగాను. అతను ఇప్పుడు ఆ ఊసెత్తలేదు. కార్యక్రమ పత్రం మోకాలి మీద పరుచుకుని, "పెన్ను మర్చిపోయాను" అన్నాడు. నా దగ్గరున్న రెండో పెన్ను ఇచ్చాను. దాన్ని వేళ్ల మధ్య వింతగా, పక్కకు వంచి పట్టుకున్నాడు.

నాలుగో పందెంలో, అవతలి మలుపులో, నీలం హెల్మెట్‌వాడు కింద ఉన్నాడు. దుమ్ము లేచింది. మా చుట్టూ అందరూ తలలు వంచి రాసుకుంటున్నారు.

"తనే పడ్డాడా, పక్కవాడు తోశాడా?" అని అడిగాడు.

నా పెన్ను అప్పటికే కాగితం మీద ఉంది. "చూడలేదు," అన్నాను.

"అయితే ఖాళీ వదిలెయ్," అన్నాడు, తన గడి కూడా ఖాళీగానే వదిలేస్తూ.